రువీల కొన్న సామాను

జీతం పడ్డ శుక్రవారం
రువీల మూడు దుకాణాలు తిరిగినం.
ప్రాసెసర్ కొత్తదే. ర్యామ్ ఒక్కటే పుల్ల,
రెండోది మళ్లా జీతానికి.
గ్రాఫిక్స్ కార్డు మాత్రం ఎవరో వాడి ఇడిసింది,
లింబాద్రి ముక్కు కాడ పెట్టి వాసన సూశిండు:
"కాలలే. తీస్కో."

పవర్ సప్లై కాడ బేరమాడనియ్యలే.
ఏసీలు బాగుజేసేటోడు,
వాట్లు వేళ్ల మీద లెక్కవెట్టిండు.
"అగ్గువది కొంటే, అది పోతూ అన్నిటినీ ఎంబడి తీస్కపోతది."

క్యాబినెట్‌కు నాలుగు రియాళ్లు తక్కువైనయి.
ఖర్జూరం అట్టడబ్బల బిగించినం.

పగలంతా మిద్దెల మీద
ఇనుప నిచ్చెన పట్టుకుంటే చెయ్యి కాలే ఎండల ఉంటడు.
రాత్రి, మొదటి ఆట. మంచు రోడ్డు మీద లారీ.
కార్డు ఫ్యాను ఉడుకుగాలి కొడుతున్నా
భుజాలు దగ్గరికి తీస్కున్నడు.
"ఏసీ జర తగ్గియ్యి," అన్నడు,
"సలి వెడుతుంది."