టిక్

జువ్వలదిన్నె జెట్టీలో డీజిలు రెండుసార్లు పోయాక
కావలి నించి మస్తాను వొచ్చి
బోటుకి రిలే బిగించాడు.
అగ్గిపెట్టంత డబ్బా.
"చీమంత కరెంటు లోన గిల్లితే
ఏనుగంత కరెంటు బయట లేస్తది" అన్నాడు.
ఎర్ర వైరు హారనుకి, పచ్చది లైటుకి,
కేబిన్ తలుపు కాడ ఓ కన్ను.

మూడో రాత్రి గాలి తిరిగింది.
మోకు వదులైందేమోనని
ఎప్పట్లా చీకట్లోనే ఎక్కాను.
టిక్.
పద్నాలుగేళ్ళు నా కింద ఊగిన పడవ
రేవంతా లేచేట్టు
నన్ను దొంగా అంది.
లైటు మొహాన కొట్టింది.
పక్క బోటు ఏకాంబరం కర్రతో వొచ్చి
లుంగీ బిగించుకుంటా నవ్వాడు.
దాపుడు స్విచ్చి ఎక్కడ పెట్టించానో
నాకే తట్టలా.

ఇప్పుడు స్విచ్చి నొక్కే ఎక్కుతున్నా.
అయినా కాలు పెట్టేముందు
ఓసారి దగ్గుతాను,
పరాయింటి గడప కాడ లాగా.