మూడో కుర్చీ

డాండెనాంగ్ స్టేషన్ వెనక, మాంసం కొట్టు పై అంతస్తులో
మంగళవారం రెండింటికి ఒక గది తలుపు తీస్తారు.
మూడు కుర్చీలు. ఒకటి బ్రాన్విన్‌ది.
ఒకటి యోగరాణిది. తలుపు కనబడేలా దాన్ని
ప్రతిసారీ కాస్త జరుపుకుంటుంది.
మూడోది నాది.

చిత్తూరులో మా అమ్మమ్మ వీధి
సగం తెలుగు, సగం తమిళం.
పాలతనితో ఒకటి, పూలామెతో ఒకటి.
ఆ బేరాల భాషే ఇక్కడ నాకు
గంటకింత అని కూలి ఇప్పిస్తోంది.

మా పనిలో మొదటి నియమం:
ఆమె 'నేను' అంటే నేనూ 'నేను' అనాలి.
'ఆమె ఏమంటోందంటే' అనకూడదు.
అట్లా, టపాకాయలు తప్ప మరో చప్పుడెరగని నేను
నేను బంకరులో బిడ్డ నోరు మూశాను అన్నాను.
నేను చేతులెత్తి మడుగు దాటాను అన్నాను.
నా భర్తని బస్సెక్కించారు, మళ్లీ చూడలేదు అన్నాను.
సాయంత్రం రైల్లో మా ఆయన ఫోన్ చేసి పాలు తెమ్మంటే
బతికే ఉన్నాడా అని
ఒక్క క్షణం ఆశ్చర్యపోయాను.

యాళ్పాణం వాళ్లు అవునుకి 'ఓం' అంటారు.
మొదటి వారం నాకది తెలీక
దేవుణ్ణి తలుచుకుంటోంది కాబోలనుకున్నాను.
నిద్ర పడుతోందా? ఓం.
ఇల్లు బాగుందా? ఓం.
ఇప్పుడు భయం లేదు కదా? ఓం.
కాగితం పట్టుకున్న మనిషి ముందు
అవునంటేనే ప్రాణం దక్కుతుందని నేర్చిన నోరు.
బ్రాన్విన్ కొన్నాళ్లు రాసుకుంది.
తర్వాత పెన్ను సంచిలో పెట్టేసింది.

మూలన ఇసుక పళ్లెం.
కజేంతినికి తొమ్మిదేళ్లు.
ఆవునీ, అంబులెన్సునీ, గుడ్లగూబనీ
ఒక్కొక్కటే పాతిపెట్టి
పైన అరచేత్తో మెల్లగా తడుతుంది.
ఎవరూ ఏమీ అడగరు. అప్పుడు నాకు పనుండదు.
బడి నుంచి ఉత్తరం వస్తే
అమ్మకి తనే చదివి చెబుతుందట,
చెడ్డ వాక్యాలు వదిలేసి.
ఆ గదిలో దుబాసీలం ఇద్దరమని
అప్పుడు తెలిసింది నాకు.

పదకొండో మంగళవారం, వాన.
కింద కొట్టతను షట్టరు దడాల్న దించాడు.
యోగరాణి బల్ల కిందికి. పాప ఆమె మీదికి.
బ్రాన్విన్ కూడా నేలమీద కూర్చుంది, బురద బూట్లతోనే.
నేను కుర్చీలోనే ఉండిపోయాను.
కుర్చీ వదలకూడదన్న నియమమేదీ లేదని
చాలా ఆలస్యంగా గుర్తొచ్చింది.

ఎంతసేపటికో బ్రాన్విన్ అడిగింది,
ఇవాళ్టికి చాలిద్దామా?
నేను దిగి, బల్ల అంచు దగ్గర మోకాళ్ల మీద వంగి
తమిళంలో అడిగాను.
లోపల్నుంచి తడి గొంతు:
ఇల్లై.

'నో' అన్నాను ఇంగ్లీషులో. నా పని అంతవరకే.
ఆ మాటే తెలుగు చెవిలో పడితే
ఇల్లు అయి, అని వినిపిస్తుందని
అక్కడ ఎవరికి చెప్పను?

ఫారంలో, ముగిసిన సమయం అన్న గడిలో
మూడు అని రాశాను.
గోడ గడియారం అయిదు దాటింది.
పాప గుడ్లగూబని తవ్వి తీసి
దాని కళ్లలో ఇసుక ఊదుతోంది.