ఒత్తు

టీవీ పిల్ల మైకు పట్టుకొని వచ్చింది,
గచ్చిబౌలిల, ఆట మొదలయ్యే గంట ముందు.
ఒంటి మీది బొమ్మలకు అర్థాలు చెప్పమన్నది.
ఐలేశ్ చెప్పిండు:
డేగంటే వేగం,
నంబరంటే అదృష్టం,
అక్షరాలంటే ప్రేమ.
మూడు ముక్కల్ల ముగిసింది.
నేను పక్కనే నూనె సీసా మూత తిప్పుకుంట నిలబడ్డ.
నన్నెవరూ అడగలే.
అడిగినా చెప్పెటోణ్ణి గాదు.

పదకొండేండ్ల నుంచి ఈ ఒళ్లు నా చేతుల కిందిది.
ధూల్‌పేట తాలీంల మట్టి పిసికిన చేతులు.
కండ్లు మూసుకున్నా
సిరా ఉన్న తోలు ఎక్కడ మొదలైతదో
నా బొటనవేలికి ఎరుకే.
కొత్తల ఉబ్బి ఉంటది, పాతబడ్డంక నున్నగైతది,
చలికాలం మళ్ల లేస్తది, పాత బాకీ లెక్క.

ముంజేతి మీద నాలుగంకెలు.
4117.
అభిమానులు అదే నంబరు వేసి బనీన్లు కుట్టించుకున్నరు.
అది సికింద్రాబాద్ టేషన్ల
వాళ్ల నాయిన జబ్బకు కట్టుకున్న ఇత్తడి బిల్ల.
కొడుకు మోకాలు చీలిన ఏడు
ఆపరేషన్ పైసలకు
ఆ బిల్లను ఇంకొకాయనకు రాసిచ్చిండు.
తెల్లారి నుంచి ఎర్రంగీ తొడగలే.
మొన్న విజయవాడ నుంచి వచ్చి దిగినం.
పదో ప్లాట్‌ఫారం మీద ఒకాయన ఉరికొచ్చి
సంచి నెత్తికెత్తుకున్నడు.
జబ్బకు బిల్ల: 4117.
ఒకే నంబరు ఇద్దరు మనుషుల మీద
మెట్లెక్కింది, మెట్లు దిగింది.
ఆయన రేటు తగ్గియ్యలే.
ఐలేశ్ బేరం చెయ్యలే.

భుజం మీద డేగ.
రెక్క మరీ పెద్దగ గీసిండని పోరగాళ్లు నవ్వుతరు.
పెద్దగ ఎందుకుండదు?
దాని కింద ఒక పేరు పండుకొని ఉన్నది.
నూనె పడితే తేలుతది.
నేను ఆ చోట చెయ్యి తేలిక చేస్త,
నిద్ర చెడగొట్టొద్దని.
ఆ పేరు ఇప్పుడు మల్కాజిగిరిల
ఎవరి పిల్లల టిఫిన్ డబ్బాలు సర్దుతున్నదో
నాకు తెలుసు. చెప్ప.

నా మోచేతి మీద కూడ ఉన్నయి, మూడు చుక్కలు.
చిన్నప్పుడు జాతరల
మా అమ్మ రెక్క పట్టుకొని కూసుండబెట్టి పొడిపించింది.
ఎందుకో చెప్పలే. అడుగుదామంటే ఇప్పుడు లేదు.
అర్థం తెల్వకున్నా
సూది గుర్తున్నది.

పిక్క మీద రెండే అక్షరాలు: అక.
పదహారేండ్లప్పుడు కోఠిల వేయించుకున్నడు.
వేసినోడు మన బాస రానోడు,
చీటీల ఉన్నది చూసుకుంట గీస్తుండంగ
కరెంటు పోయింది.
కింద ఉండాల్సిన ఒత్తు చీకట్లనే ఉండిపోయింది.
దిద్దించుకోరా అని ఎందరు చెప్పినా వినలే.
లాలాపేట క్వార్టర్ల వెనక
వాళ్లక్కే నేర్పింది చెడుగుడు.
బకెట్ల ముఖం ముంచి ఊపిరి ఆపుడు నేర్పింది,
తమ్ముని కన్న పది లెక్కలు ఎక్కువే ఆపేది.
బూట్లు ఒక్క జతకే పైసలున్నయని తేలిననాడు
ఆమె కూత ఆగింది.
ఇప్పుడు ఈసీఐఎల్ కాడ బట్టల దుకాణంల పద్దులు రాస్తది.
ఆ పిక్క చూసి ఒకటే మాటన్నదంట:
"సగమే రాసినవ్ రా. సరిపోయింది,
నేనూ సగమే ఆడిన."

ఆట అయిపోయింది. రెండు పాయింట్లతోని ఓడినం.
ఆఖరి కూతకు నలుగురు మీద పడ్డరు.
ఒకడు డేగను పట్టిండు, ఒకడు బిల్లను,
మూలకున్నోడు పిక్కను కరుచుకున్నడు.
గీతకు జానెడు దూరంల కూత తెగింది.

ఇప్పుడు బల్ల మీద బోర్ల పండుకున్నడు.
అక్షరాల మీద ఎవరివో ఐదు వేళ్లు,
ఇయ్యాల ఎర్రగ, రేపు నల్లగ, ఎల్లుండి పచ్చగ.
సూది లేని పచ్చబొట్లు, వారంల పోతయి.
ఆయన మాట్లాడడు. నేను మాట్లాడ.
చేతులకు నూనె రాసుకొని
క కింద
ఖాళీ ఉన్న చోట
బొటనవేలు పెట్టి ఒత్తుత.
"జర గట్టిగ, కాకా" అంటడు.