నెంబర్లు లేని వరుసలు

అజ్మాన్, జర్ఫ్‌ల, డక్టు ఫ్యాక్టరీ ఎనక గది.
ఆరు మంచాలు, ఒకదాని మీద ఒకటి.
రొడేల్ మనీలాకు పోతూ పోతూ
తన మంచం కింది అట్టపెట్టె నాకిచ్చిండు:
అరచేతంత బోర్డు, తనే టంకం పెట్టిండట,
ఒక కీబోర్డు, నూనె మరకల కాగితాలు నాలుగు.
"నెట్టు లేదు, మౌసు లేదు, పాటలు రావు.
స్విచ్చేస్తే మాత్రం రెప్ప కొట్టేలోపు లేస్తది."

లేచింది.
చెత్తల దొరికిన టీవీ, కుడిమూల పసుపెక్కిన గాజు,
దాని ఎనక నల్లటి తెర, తెల్లటి చిన్న గడి
ఆరుతూ వెలుగుతూ.
ఏం కావాలె అని అడగదు. నువ్వే చెప్పాలె.

బళ్లె బేసిక్ ఒక్కసారే సూసిన.
సారు బోర్డు మీద పది, ఇరవై, ముప్ఫై అని రాసిండు,
ల్యాబు తాళంచెవి హెడ్మాస్టరు జేబులనే ఉండె.
ఆ గుర్తుతోని పది కొట్టిన, ఇరవై కొట్టిన,
ముప్ఫైల గోటూ పది.
తెర నిండ అంబదాస్ అంబదాస్ అంబదాస్
ఆగదు.
పై మంచం మొగిలి నవ్వి నవ్వి దుప్పటి జార్చుకున్నడు.

రొడేల్ కాగితంల ఎర్ర పెన్ను గీత:
నెంబర్లు వద్దు. గోటూ వద్దు.
పనికి పేరు పెట్టు, పేరుతోని పిలువు.
పనైనంక అది, పిలిచిన కాడికే తెస్తది నిన్ను.

పేరు పెట్టుడు ఎంత కష్టమో ఆ రాత్రి తెలిసింది.
పదకొండేండ్ల సంది నేను నాలుగు వేల నాలుగు వందల పదిహేడు,
బస్సుల, మెస్సుల, జీతం చిట్టీ మీద.
ముందుగాల "పని ఒకటి" అని పెట్టిన. బాగనిపించలే.
చెరిపి, ఇంగిలీషు అక్షరాలల్ల, "అంచు" అని కొట్టిన.

ఆ మాటకు సిరిసిల్ల యాదికొచ్చింది.
సాంచా చప్పుడు కాదు, జకార్డు అట్టలు,
బాపు దారంతోని కుట్టిన బొక్కల అట్టల మాల.
అంచుకు ఒక కట్ట, కొంగుకు ఒక కట్ట.
అంచు కట్ట చీర పొడుగూత తిరిగి తిరిగి అదే వస్తది,
ఎవ్వడూ మళ్ల కుట్టడు.
గిదేనా సబ్ అంటే? గింతేనా?
చీకట్ల నాకు నేనే నవ్విన.

లోకల్ అన్న మాటకు ఇంకో వారం పట్టింది.
లోపలి లెక్క లోపలే ఉండాలె, బయటిదాన్ని ముట్టద్దు.
నేను ముట్టనిచ్చిన.
దేవరాజం ఓటీ గంటలు పోయి నర్సింగం జీతంల కలిసినయి,
ఇద్దరూ కొట్లాటకు దిగినంత పని.

శుక్రారం అందరూ డైరీలు తెచ్చిండ్రు.
టేక్ బహదూర్‌ది నేపాలీ అంకెలల్ల,
మొగిలిది బియ్యం సంచి మీది గీతలు, అయిదింటికో అడ్డగీత.
అతనిదే ముందు కొట్టిన.
కంపెనీ చిట్టీల అరవై ఒకటి.
తెర మీద డెబ్భై నాలుగు.
ఎవ్వరూ మాట్లాడలే, ఏసీ ఒక్కటే గురక పెడుతున్నది.
"మిషిన్ తప్పు కావచ్చు" అన్నడు నర్సింగం మెల్లగ.
మళ్ల చదివిన, వరుస వరుస, వేలు పెట్టి.
తప్పుండె. ఒక శుక్రారాన్ని రెండుసార్లు కలిపిన.
దిద్దితే అరవై తొమ్మిది.
అయిదు గంటలు నా తప్పు.
ఆ ఎనిమిది మాత్రం కాదు.

ప్రింటరు లేదు. అట్టముక్క మీద మొగిలి ఎత్తిరాసుకున్నడు.
టైంకీపర్ తానకు ఎవరు పోవాలె అన్న మాట
లైటు బంజేసేదాక ఎవ్వరూ తియ్యలే.
అట్టముక్క దిండు కిందికి పోయింది.

అందరూ పండినంక అంచును పిలిచిన.
ఆకుపచ్చ పువ్వు, దాని పక్కన ఇంకోటి, ముప్ఫై రెండు,
అటు గోడ నుంచి ఇటు గోడ దాక తెర.
నిద్రపోలేదు మొగిలి.
"పువ్వు పువ్వుకు ఒక పోగు తెగింది సూడు" అన్నడు పై నుంచి.
నిజమే.
లోపలికి పోయిన, ఒక్క కాడ ముడేసిన,
ముప్ఫై రెండు కాడ్ల అతికింది.

"ఇంగ పండు" అన్నడు. "నాలుగున్నరకు బస్సు."
"మొగిలీ, రేపు నేను వస్త నీతోని" అన్న.