భుజం నుంచి కిందికి

నమూనా కాగితం మణికట్టు దగ్గర మొదలుపెట్టమంటుంది.
నలభై నాలుగు కుట్లు, రెండంగుళాల పట్టీ,
ఆపైన మెల్లగా వెడల్పు చేస్తూ భుజానికి ఎక్కాలి.

హానుస్ ఎడమచేతికి మణికట్టు లేదు.
మార్చిలో, సాండోయ్ దీవి దాటాక,
వల లాగే చక్రం పట్టుకుపోయింది.

సున్వా కాగితాన్ని తిరగేసి
వెనకవైపు కిరోసిన్ బాకీ రాసుకుంది.
ఒళ్ళు ఎప్పుడో అల్లేసింది, బూడిదరంగు ఊలు,
ఇంకా గొర్రె వాసన వదల్లేదు.
ఇప్పుడు చంక చుట్టూ అంచులోంచి
ఒక్కో కుట్టే సూదిమీదికి ఎత్తుతోంది.
డెబ్బై రెండు. కాదు, డెబ్బై ఆరు.
ఆ భుజం ఈమధ్య కాస్త పైకి లేచి ఉంటోంది.

"నిలబడు" అంది.
నిలబడ్డాడు, కెటిల్ వైపు చూస్తూ.
ఆరు వరసలకోసారి రెండు కుట్లు తగ్గుతూ
చెయ్యి కిందికి దిగొచ్చింది,
మోచేయి దాటి నాలుగు వేళ్ళ మేర.
అక్కడ ఆగింది.

పక్కింటి మలాన్ వచ్చి చూసి,
"పూర్తిగా అల్లి, మడిచి, పిన్నీసు పెట్టొచ్చుగా?
అందరూ అదేగా చేసేది" అంది.
"మడత గాలికి కొట్టుకుంటుంది" అన్నాడు హానుస్.
ఏడు నెలల్లో ఆ చేతి గురించి
అతను నోరు విప్పడం అదే.

పట్టీ మాత్రం రెండువైపులా ఒకటే:
రెండు సూటి, రెండు తిరగేసి.
ముగింపు బిగించలేదు సున్వా.
చలికి మచ్చ ఉబ్బుతుందట.
పోగు కొస లోపలికి దోపి వదిలేసింది,
ఏ రాత్రయినా విప్పి
మూడు వరసలు అటో ఇటో జరపడానికి.
పైనుంచి దిగిన చేతికి ఆ వీలుంది.

ఊలు ఉండన్నర మిగిలింది.
ఉండని పిల్లి బల్లకిందికి దొర్లించుకుపోయింది.
ఇద్దరూ చూశారు,
ఎవరూ లేవలేదు.