ఎనభై నాలుగు బిందువులు

బాలరాట్‌లో జూలై రాత్రి.
బట్టల అలమారలో కూర్చున్నాను, తలుపు వేసుకుని,
గది గోడల ప్రతిధ్వనిని కోట్లు మెత్తగా తాగేస్తాయని.
ఒళ్లో లాప్‌టాప్, మోకాలి మీద మైకు,
చెవి పక్కన ఇక్కడికొచ్చాక ఒక్కసారీ కట్టని చీర అంచు.
"హలో. ఇది నాలుగో పాఠం.
ఈరోజు హంస మెడ గీద్దాం."

హంసంటే పాలూ నీళ్లూ వేరుచేసే తెల్లది కాదు,
మా వెండౌరీ చెరువులో నల్లది,
పిల్లల చేతిలో చిప్స్ పొట్లం లాక్కునేది.
దాని మెడకు రెండు బిందువులు చాలు.
ఒకటి రొమ్ము దగ్గర, ఒకటి తల దగ్గర.
ఒక్కో బిందువుకీ రెండు పిడులు.
లాగితే వంపు తిరుగుతుంది,
ఎక్కువ లాగితే అలుగుతుంది.
"గీయకండి," అన్నాను, "ఒప్పించండి."
మాట బాగుందనిపించి మళ్లీ అన్నాను.
రెండోది కత్తిరించెయ్యాలి తర్వాత.

ముగ్గులాంటిదే అని చెబుదామనుకున్నాను.
ముగ్గంటే ఏమిటో చెప్పడానికి
ఇంకో పాఠం కావాలి. ఊరుకున్నాను.

పగలు నాది సైన్‌బోర్డుల కొట్లో పని.
'కుక్కలను కట్టి ఉంచవలెను.'
'ఇచ్చట గుడ్లు అమ్మబడును.'
వినైల్ కోసే యంత్రానికి నునుపైన గీత కావాలి.
బిందువులు ఎక్కువైతే దాని కత్తికి నత్తి వస్తుంది,
అడుగడుక్కీ ఆగి, ఆఖరికి చింపేస్తుంది.
అందుకే నాకు పొదుపంటే పిచ్చి.
'అ' అక్షరాన్ని ఏడు బిందువుల్లో తెస్తాను.
ఆరింట్లో తెచ్చినవాళ్లు కనబడితే
ఆ రాత్రి నాకు నిద్రపట్టదు.

ఈ సాయంత్రం నోరీన్ తన మొదటి బొమ్మ పంపింది.
ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి.
క్విన్స్ పండు, జామ్ సీసాల మీద అంటించుకోవడానికి.
తెరిచి చూస్తే అంచు చుట్టూ చీమల బారు.
లెక్కపెట్టాను: ఎనభై నాలుగు.
ఆరు చాలు.
'డెబ్భై ఎనిమిది తీసేయండి' అని రాసి,
పంపే ముందు ఊరికే దగ్గరకు వెళ్లాను,
నాలుగొందల శాతం, ఎనిమిదొందలు,
ఎంత దగ్గరకెళ్లినా గీత మసకబారదు,
మా విద్యలో గొప్పంతా అదే.
అక్కడ, తొడిమ కింద,
తొమ్మిది బిందువులు ఒకదాన్నొకటి ఆనుకుని:
పండు దెబ్బతిన్న చోట ఆవిడ చెయ్యి ఆగింది.
అడుగున ఇంకో పద్నాలుగు:
మలుపు, మలుపు, బ్రేకు, అద్దంలో చూపు, మలుపు,
ఎవరో ఒక పిల్లాడు దిగి, గేటు దాటేదాకా ఆగి
మళ్లీ కదిలినట్టు.

రాసింది చెరిపేశాను.
ఒక బటన్ ఉంది. నొక్కితే
ఏ పండైనా ఒకే పండవుతుంది.
దాని గురించి ఐదో పాఠంలో చెప్పాలి, తప్పదు.
చెబుతాను. ముందు ఆవిడ పండు చూపించి,
బిందువులన్నీ వెలిగించి,
ఒక నిమిషం ఏమీ మాట్లాడకుండా.

ప్రస్తుతం ఇంకా మెడ దగ్గరే ఉన్నాను.
పిడి చేయిజారింది, హంస కొక్కెమైపోయింది,
"అయ్యో" అనేశాను, తెలుగులోనే.
ఆపుదామని వేలు పెట్టి వెనక్కి తీసుకున్నాను.
పక్కింటి రోలండ్ హీటర్ వేశాడు,
దాని గురగుర కూడా రికార్డవుతోంది.
అవనీ.
ఎడమ కాలు తిమ్మిరెక్కింది.
"సరే," అంటున్నాను కోట్లతో, చీర అంచుతో,
"అన్‌డూ నొక్కండి. మళ్లీ మొదటి బిందువు."