బులుగు ఫేజు

కొర్లగుంటలో మా సందు మొత్తం
ఒక్క ఎర్ర వైరు మిందే బతికేది.

తెల్లారుజామున నాలుక్కి
నేను గ్రైండరు స్విచ్చేస్తే
ముందు ఒక మూలుగు,
ఆ తర్వాత రాయి కదిలేది
పండుకున్న ఎనుమును తట్టి లేపినట్టు.
నా నెత్తిన ట్యూబులైటు
రెండు మాట్లు రెప్ప కొట్టేది.
గోడకవతల ఖైరున్నీసా బల్బు
నారింజపండు రంగుకి దిగేది.
ఎదురింట్లో ఫ్యాను రెక్కలు లెక్కపెట్టొచ్చు.

ఎవురూ గొడవకి రాలేదు.
నాకే సిగ్గు.
పక్కోళ్ల ఇస్తరాకులోంచి
పిడికెడు తీసుకున్నట్టుండేది రోజూ.

బస్టాండు మెస్సులోళ్లకి ఏడింటికల్లా పిండి చేరాల.
ఉద్దిపప్పు పొంగాలంటే రాయి పరిగెత్తాల.
రాయి కుంటితే పప్పు వేడెక్కుతాది,
పిండి ముందే పులుస్తాది,
మెస్సాయన మొహం దానికంటే ముందు.
ఆ ఎండాకాలం మూడు కెపాసిటర్లు పోయినాయి,
ఒక వైండింగు కాలింది.
కాలిన మోటారు వాసన
తలంటుకున్నా జుట్టులోంచి పోదు.

"త్రీఫేజు పెట్టించుకో అక్కా" అన్నాడు మొగిలి.

చెల్లెలి కూతురు హిమజ ఫారం నింపతా
"పెద్దమ్మా, లోడెంత?" అనింది.
ఏం చెప్పేది?
రెండు గ్రైండర్లు, ఒక పెద్ద ఫ్రిజ్జు,
నీళ్ల మోటారు, నా నడుము.
"ఆరు కిలోవాట్లు రాయి పాపా" అన్నాడు మొగిలి.
ఈ జన్మలో నేను మోసే బరువు
ఒకరు అడిగి, కాగితం మింద రాసుకోవడం
అదే మొదలు.

చీటీ పాడి డబ్బు కట్టినా.
ఫైలు ఒక టేబులు దిగి ఇంకో టేబులు ఎక్కలేదు.
ఇంతలో గంగమ్మ జాతరొచ్చింది,
కరెంటోళ్లంతా ఆ పక్కే.
ఊరంతా సీరియల్ లైట్లు మెరస్తా ఉంటే
నేను కాళ్లతో రాయి తోసి తిప్పినా ఒక రాత్రి.
మిద్దెక్కి చూస్తే
కొండ దారి దీపాలు మాత్రం
ఎవురు ఏం రుబ్బినా కునకవు.

వచ్చినారు చివరికి.
స్తంభం నుంచి ఇంటికి నాలుగు తీగలు.
ఎరుపు, పసుపు, బులుగు, ఒక నల్లది.
"మూడూ ఒకేసారి తోయవక్కా,
ఒకటి తోసి అలిసే లోపల ఇంకోటి అందుకుంటాది.
నల్లదానికి పెద్ద పనుండదు,
మూడూ సమానంగా మోస్తే
అది ఉత్తగా ఉంటాది."
ఆ నల్లదాన్ని చూస్తే కొంచెం కుళ్లు పుట్టింది నాకు.

"సందంతా ఎరుపు మిందుంది కదా,
నీ గ్రైండర్లు బులుగులో వేసినా" అని
నిచ్చెన దిగి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని
ఇడ్లీ పిండి ఒక డబ్బా పట్టుకుపోయినాడు.

మర్నాడు నాలుక్కి స్విచ్చేసినా.
మూలుగు లేదు.
రాయి తిరిగింది, ఎప్పుడూ తిరగతానే ఉన్నట్టు.
ట్యూబులైటు వంక చూస్తా నిలబడినా,
రెప్ప కొట్టలేదది.
పప్పు నురగలాగా పొంగి గిన్నె అంచు దాటింది.
ఆరున్నరకే డబ్బాలు ఆటో ఎక్కినాయి.

వారం పోయినాక కొళాయి కాడ
ఖైరున్నీసా కండ్లు ఎర్రగా ఉన్నాయి.
"నిద్ర లేదా?" అంటే నవ్వింది.

"జాకెట్లు కుట్టేటప్పుడు
నాకు గడియారం మతికుండదు అక్కా.
బల్బు కునికిందంటే నువ్వు లేచినావు,
నేను కత్తెర కింద పెట్టేదాన్ని.
ఇప్పుడు కునకదు.
చూస్తే తెల్లారిపోయుంటాది.
ఇంక చాలని
ఎవురు చెప్పాల నాకు?"

బిందె నిండి పొర్లతా ఉంది,
ఇద్దరం చూస్తానే ఉన్నాం.

మొగిల్ని అడిగినా,
ఆయమ్మ బల్బొకటి
నా లైన్లో కలపొచ్చా అని.
"మీటరు మీటరే అక్కా, నేరం" అన్నాడు.
ఆ తర్వాత, "కలిపినా కునకదు" అన్నాడు.

బిల్లొచ్చింది మొన్న.
మిగిలింది దాంట్లో కొంత పోయింది, పోనీ.

ఇప్పుడు నాలుక్కి లేచి
స్విచ్చు మింద చెయ్యి పెట్టే ముందు
గిన్నె గీకే గరిటతో
గోడకి మూడు దెబ్బలేస్తా.
అవతల మిషను
ఇంకో నాలుగు కుట్లు కుట్టి
ఆగతాది.

ఒక్కోరోజు ఆగదు.
మళ్లీ కొడతా.